చెప్పిన తేదీకే ఇవ్వబడును

ఆ ఉదయం ప్రొఫెసరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మావయ్య చేత పది రోజుల పాటు నిజం చెప్పించాలి, అంతే.

ప్రొఫెసరమ్మ అంటే నిజంగా ప్రొఫెసరేమీ కాదు. డిగ్రీ ఆఖరి ఏడాది ఆర్థికశాస్త్రం చదువుతున్న పిల్ల. ప్రతిదానికీ "ఎందుకు?" అని ప్రాణం తీస్తుందని మేనమామ పెట్టిన పేరది. క్లాసులో మిగతావాళ్లంతా గుంపులుగా చేరి నిరుటి ప్రాజెక్టులకు కొత్త అట్టలు వేసుకుంటుంటే, ఈ పిల్ల మాత్రం ఒక్కతే సొంతంగా పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. గైడు మేడం కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని మరీ చూశారు. "సరే చెయ్యి. ముప్పై మందిని నీ కళ్లతో చూసి రాయాలి. ఇరవయ్యో తారీఖు గడువు. దాటిందా, ఇంకో ఏడాది ఇక్కడే," అన్నారు. ఇంట్లో నాన్న ఆ మాట విని పేపరు దించకుండానే, "ఇరవై అంటే ఇరవయ్యే," అన్నాడు.

విషయం కోసం ఆమె ఎక్కడెక్కడో వెతుక్కోలేదు. టైలరు చెప్పిన రోజుకి బట్టలెందుకివ్వడు? మావయ్యది టైలరు షాపే. మూడు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడ పొడుగునా హేంగర్లు. ఎవరు ఏ బట్ట తెచ్చినా మెళ్లో టేపు సర్దుకుంటూ "నాలుగు రోజుల్లో ఇచ్చేస్తా" అంటాడు. ఇచ్చేసరికి పదిహేను రోజులవుతుంది.

"పదిహేను పడుతుందని తెలిసి నాలుగని ఎందుకు చెప్తావు మావయ్యా?"

"పదిహేనంటే బట్ట ఇవ్వరే పిచ్చిదానా!"

"నాలుగంటే ఇచ్చి, ఆ తర్వాత పదిసార్లు తిరిగి తిట్టుకుంటారుగా?"

"తిట్టుకుంటారు. కానీ అప్పటికి బట్ట నా దగ్గరుంటుంది."

ప్రొఫెసరమ్మ అది నోటు పుస్తకంలో రాసుకుంది. "ఒక్క పది రోజులు నిజం చెప్పి చూడు. జనానికి నమ్మకం పెరుగుతుంది. నా పరిశోధన అయిపోతుంది."

"చెప్పండి, చెప్పండి," అంది మూల కూర్చుని కాజాలు కుడుతున్న అత్తయ్య. "నేనూ మీ నోట నిజం విని చాలా రోజులైంది."

మొదట దొరికినవాడు మందుల షాపాయన. కొడుక్కి ప్యాంటు బట్ట తెచ్చాడు. మావయ్య మూడుసార్లు గొంతు సవరించుకుని, మేనకోడలి వంక దీనంగా చూసి, "పదిహేను రోజులు పడుతుందండీ," అన్నాడు.

మందుల షాపాయన వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు. నాలుగంటే పదిహేనైతే, పదిహేనంటే ఎంత? వేళ్లు చాల్లేదు. "రెండు నెలలా! మావాడు ఉద్యోగంలో చేరేది వచ్చే నెలండీ బాబూ!" అంటూ బట్ట చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటాక మళ్లీ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి, "ఒంట్లో ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగాడు.

మందుల షాపులో పుట్టిన వార్త మాత్రతో పాటు ఇంటింటికీ చేరుతుంది. మర్నాటికల్లా మాస్టారికి చేతులు వణుకుతున్నాయని వీధంతా తెలిసిపోయింది. ఒక రిటైరైన నర్సమ్మ వచ్చి, జాకెట్టు సంగతి పక్కన పెట్టి, మావయ్య నాడి పట్టుకుని గడియారం చూసింది. మూడో రోజుకి ఎప్పుడో బట్టలిచ్చినవాళ్లు కూడా దిగబడ్డారు. "కుట్టకపోయినా ఫర్వాలేదు మాస్టారూ, బట్ట ఇచ్చేయండి చాలు. మీరు ముందు విశ్రాంతి తీసుకోండి."

ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారు. ప్రొఫెసరమ్మ ఒక అట్ట తెచ్చి, లావుపాటి అక్షరాలతో "ఇక్కడ చెప్పిన తేదీకే బట్టలు ఇవ్వబడును" అని రాసి గుమ్మానికి తగిలించింది. జనం ఆగి చదివారు.

"అంటే, ఇన్నాళ్లూ?" అన్నాడొకాయన.

"అదేగా మరి!" అన్నాడు పక్కాయన.

ముప్పై ఏళ్లుగా ఆలస్యాన్ని లోలోపల తిట్టుకుంటూ భరించినవాళ్లకి అట్ట మీద చదివేసరికి ఒళ్లు మండింది. ఆ పూట తిన్నన్ని చీవాట్లు మావయ్య జన్మలో తినలేదు.

పదో రోజుకి ఆమె పట్టికలో ముప్పై వరుసలు నిండాయి. పంతొమ్మిది మంది బట్ట వెనక్కి పట్టుకుపోయారు. నలుగురు ఆలోచించుకుని వస్తామని జారుకున్నారు. ఏడుగురు మాత్రం, వేరే దిక్కులేక, కుట్టమన్నారు. చేతిలో ఏడే ఉండేసరికి మావయ్య ఒక్కొక్కటీ సరిగ్గా నాలుగు రోజుల్లో కుట్టి పారేశాడు.

"చూశావుటే! నేను ముప్పై ఏళ్లుగా చెప్తున్నదే నిజం! నీ మాట విని పదిహేనన్నాను చూడు, అదే అబద్ధమైంది!"

ప్రొఫెసరమ్మ బల్లకి చేరగిలబడిపోయింది. అబద్ధం చెప్పినప్పుడు నిజమేమో పదిహేను, నిజం చెప్పగానే అది నాలుగు! ఈ ముక్క ఏ పాఠంలోనూ లేదు. భయమూ వేసింది, సంతోషమూ వేసింది. మూడు మిషన్లూ గుడ్డలు కప్పుకుని ఉండటం చూస్తే మాత్రం ఏడుపొచ్చింది. "నా వల్లే మావయ్యా. ఇక ఆపేద్దామా?"

మావయ్య కత్తెర పక్కన పెట్టాడు. "కత్తిరించాక కుట్టకుండా వదిలేస్తామా? రాయి. నీ ఏడాది పోతే మీ నాన్న నన్నంటాడు."

ఇంకా ఒక గడి మిగిలింది, 'తీసుకున్న తేదీ'. ఆ ఏడుగురూ వాళ్ల లెక్కలో రెండు నెలల దాకా రారు. గడువేమో నాలుగు రోజుల్లో. అందుకని బట్టలు సంచిలో పెట్టుకుని తనే ఇళ్లకి బయల్దేరింది. బ్యాంకులో పనిచేసే ఒకాయన తలుపు తీసి, చొక్కా తిప్పి తిప్పి చూశాడు.

"ఇది నాది కాదమ్మా."

"మీదేనండీ. చీటీ చూడండి."

"నా చొక్కా ఇంత త్వరగా అవ్వదు. ఎవరిదో తెచ్చేశావు. పాపం, వాళ్లు వెతుక్కుంటుంటారు."

"ఒక్కసారి తొడుక్కుని చూడండి!"

తొడుక్కున్నాడు. భుజాలు, చేతులు, మెడ, ఎక్కడా వంక లేదు. అద్దంలో చూసుకుని తల అడ్డంగా ఊపాడు. "ఇంత బాగా సరిపోయిందంటే కచ్చితంగా నాది కాదు."

ఆమె టేపు తీసి గుమ్మంలోనే ఆయన కొలతలన్నీ తీసి, చీటీ పక్కన పెట్టి చూపించి, సంతకం పెట్టించుకుని గాని కదల్లేదు. పంతొమ్మిదో తారీఖు సాయంత్రానికి ఏడు గడులూ నిండాయి.

ఇరవయ్యో తారీఖు ఉదయం పదింటికి బైండు చేసిన ప్రాజెక్టు గుండెలకి హత్తుకుని కాలేజీ ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. "ఇవాళ వచ్చావేంటమ్మా?"

"ఇవాళే కదండీ గడువు?"

"గడువు ఇవాళే. తీసుకోవడం వచ్చే నెల ఐదున."

ఆమె మేడం గదికి వెళ్లి బల్ల మీద పెట్టింది. మేడం కంగారుపడ్డారు. "ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?" అని అడిగారు. తర్వాత పేజీలు తిప్పి, "ఇంత త్వరగా అయిందంటే... ఎవరిదైనా చూసి రాశావా?" అన్నారు.

ప్రొఫెసరమ్మకి చెవులు వేడెక్కాయి. "ముప్పై మందినీ నేనే చూశాను మేడం. నా ముందే పారిపోయారు."

"సరే, సరే. తీసుకెళ్లి ఇంకోసారి సరిచూసుకుని ఐదున అందరితో పాటు తీసుకురా. మీకు ఐదని చెబితే ఆ నెల ఇరవైకి తెస్తారు, అందుకే ఇరవై అంటాం."

ఏడాది పోతుందని వారాల తరబడి కూడు సయించని పిల్ల ఆ కాగితాలతోనే తిన్నగా షాపుకొచ్చి, అట్ట పీకేసి, "ఇక నీ ఇష్టం మావయ్యా," అంది. అప్పుడే సందేహిస్తూ లోపలికొచ్చిన ఒకాయనతో మావయ్య ఛాతీ విరుచుకుని "నాలుగు రోజుల్లో ఇచ్చేస్తా!" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. గంటలో మందుల షాపుకి వార్త చేరింది. మాస్టారు కోలుకున్నారు! సాయంత్రానికి కత్తిరింపు బల్ల కనబడలేదు, అన్ని బట్టలు పడ్డాయి.

ఐదో తారీఖున ప్రొఫెసరమ్మ మేడం గది బయట నిలబడి, పట్టిక చివర చేత్తో ఇంకో వరుస చేర్చింది. ముప్పై ఒకటి, కాలేజీ. చెప్పిన తేదీ ఇరవై, తయారైన తేదీ ఇరవై, తీసుకున్న తేదీ ఐదు.

మేడం అంతా చదివారు. బ్యాంకాయన చొక్కా సంగతి వచ్చేసరికి పైటచెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆఖరి వరుస దగ్గర నవ్వు ఆగింది. "ఇది ఉండాల్సిందేనా?"

"చూసిందే రాశాను మేడం."

"ఉండనీ. బాగా చేశావు. నేనిన్నేళ్లలో చదివిన వాటిలో నిజంగా చేసిన పని ఇదొక్కటే," అంటూ పెన్ను తీసి మొదటి పేజీ మీద సంతకం చేశారు. ప్రొఫెసరమ్మ కళ్లు చెమర్చాయి. మేడం సంతకం కింద తేదీ వేశారు, ఇరవై అని.

"ఇవాళ ఐదు కదా మేడం?"

"గడువు దాటినట్టు రాస్తే నీ ఏడాది పోదూ?"

ఆ ఒక్క సంతకంతో ప్రొఫెసరమ్మ గట్టెక్కింది, ముప్పై ఒకటో వరుస తప్పయింది.