మెట్ల మహోద్యమం

"లిఫ్ట్ ఎక్కడమంటే మన కాళ్ళను మనమే అవమానించుకోవడం! ఈ రోజు నుంచి మన సంస్థలో ఆ అవమానం రద్దు!"

ఆరోగ్య ప్రచార సంస్థ డైరెక్టర్ గారు వార్షిక సభలో ఇలా గర్జించేసరికి హాలు చప్పట్లతో మారుమోగింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగం మందికి ఆయన ఏమన్నారో వినబడలేదు. తక్కిన సగం మందికి వినబడింది కనుక ఇంకా గట్టిగా కొట్టారు. మర్నాడు లిఫ్ట్‌కు తాళం పడింది. ఆరంతస్తుల భవనం రాత్రికి రాత్రే ఆరోగ్యవంతమైపోయింది!

డైరెక్టర్ గారి గది ఆరో అంతస్తులో ఉంది. మొదటి వారం ఆయన నిజంగానే మెట్లెక్కారు. ఆ మాట ఒప్పుకోవాలి. రెండో వారం మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడు గుర్తొచ్చింది, భవనం వెనకవైపు బల్లలూ బీరువాలూ పైకి చేర్చే సరుకుల లిఫ్ట్ ఒకటి ఉందని. ఉపన్యాసంలో దాని ఊసే ఎత్తలేదు కదా! ఎక్కవచ్చునా అని అంతరాత్మను పిలిచి అడిగారు. అది కూడా ఆయన కింద పనిచేసేదే కనుక "చిత్తం" అంది.

ఇంటి దగ్గరా అంతే. కిందికి దిగి పేపరు తేవాల్సి వస్తే, "ఏమే, నీకీమధ్య నడక తగ్గింది" అని భార్యను పంపేవారు.

"మీ ఉద్యమానికి మీ నోరూ నా కాళ్ళూ భలే కుదిరాయండీ" అనేది ఆవిడ, మెట్లు దిగుతూ.

ఒకరోజు నాలుగో అంతస్తు అకౌంటెంట్ వచ్చారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. అందరూ పెద్దాయన అంటారు. రెండు మోకాళ్ళకూ పట్టీలు.

"ఎక్కలేకపోతున్నానండీ. నా సీటు కిందికైనా మార్పించండి, లేదంటే ఆ సరుకుల లిఫ్టైనా..."

"సరుకుల లిఫ్టా!" డైరెక్టర్ గారు చెవులు మూసుకున్నంత పనిచేశారు. "మీరేమన్నా సరుకా? అంత దిగజారిపోకండి. నొప్పి కాళ్ళలో లేదండీ, మనసులో ఉంది."

"ఇప్పుడు మనసులోనూ ఉందండీ" అన్నారు పెద్దాయన, గోడ పట్టుకుని బయటికి నడుస్తూ.

ఆయన కుంటుకుంటూ వెళుతుంటే డైరెక్టర్ గారికి కష్టంగానే అనిపించింది. చూడలేక కిటికీ వైపు తిరిగారు.

ఇంతలో ఉద్యమం పేరు పైదాకా పాకింది. ఆదర్శ సంస్థ బహుమతి ఇవ్వడానికి చైర్మన్ గారే వస్తున్నారు. చైర్మన్ గారంటే మాటలా! పదేళ్ళుగా లిఫ్ట్ మొహం చూడలేదని ప్రతి సభలోనూ ఆయనే చెబుతుంటారు. సభ ఆరో అంతస్తు హాల్లో. "ఇద్దరం మెట్ల మీదే వెళదాం" అని కబురు పెట్టారు. డైరెక్టర్ గారి గుండె కాళ్ళలోకి జారింది. అసలే బలం లేని కాళ్ళు!

ఆ రోజు కింది మెట్టు మీద ఇద్దరినీ నిలబెట్టి ఫోటోలు తీశారు. "నేను ముందుగా పైకెళ్ళి ఉంటాను సార్" అని ఫోటోగ్రాఫర్ మాయమయ్యాడు. పెద్దలిద్దరూ ఎక్కసాగారు.

"ఆహా... మెట్లంటే... మెట్లేనయ్యా!" అన్నారు చైర్మన్ గారు మొదటి మలుపులో.

"ఎక్కేకొద్దీ... ఉత్సాహమండీ!" అన్నారు డైరెక్టర్ గారు. కళ్ళ ముందు చుక్కలు కనిపిస్తున్నాయి.

రెండో అంతస్తు చేరేసరికి చైర్మన్ గారు గోడకు అతుక్కుపోయారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఏమయ్యా, బల్లలూ అవీ పైకి పోవడానికి... దారేదీ లేదా?" అన్నారు.

ఆ క్షణంలో డైరెక్టర్ గారికి చైర్మన్ గారు కన్నతండ్రిలా కనిపించారు. "ఎందుకు లేదండీ! తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉంది!"

ఇద్దరూ భవనం వెనకవైపుకు వెళ్ళి మీట నొక్కారు. లిఫ్ట్ కింది నుంచి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల సూపరింటెండెంట్, యూనియన్ నాయకుడు, మెట్ల మహిమ మీద వ్యాసం రాసి బహుమతి కొట్టేసిన టైపిస్టు అమ్మాయి, మెడలో కెమెరాతో ఫోటోగ్రాఫర్! ఆ ఒక్క తాళంచెవీ ఎప్పుడు పిల్లల్ని పెట్టిందో!

పెద్దలిద్దరూ లోపలికి అడుగుపెట్టారు. అందరూ కాస్త కాస్త సర్దుకున్నారు. లిఫ్ట్ మూలుగుతూ లేచి, ఐదో అంతస్తు దాటి, ఆరో అంతస్తు చేరకుండా ఆగిపోయింది.

"ఇక్కడ బరువైనవాళ్ళెవరు?" అన్నాడు నాయకుడు.

"మనిషిలోనా, హోదాలోనా?" అంది టైపిస్టు.

గంట మోగించారు. పైన హాల్లో ఉన్నది పెద్దాయన ఒక్కరే. అందరికంటే ముందు బయల్దేరి ఆగి ఆగి ఎక్కారు. ఆయనే గంట విని మెకానిక్‌కు ఫోన్ చేశారు. మెకానిక్ వచ్చి తలుపు ఊడదీసేసరికి, రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చిన సిబ్బందంతా అక్కడే గుమిగూడారు. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననుకున్నారు డైరెక్టర్ గారు. భూమి ఐదంతస్తుల కింద ఉండిపోయింది.

చైర్మన్ గారు మాత్రం కోటు దులుపుకుని గంభీరంగా అన్నారు: "దొంగచాటుగా ఈ లిఫ్ట్ ఎవరెక్కుతున్నారోనని ఆకస్మిక తనిఖీ చేశాం. మేం తప్ప ఒక్కరూ దొరకలేదు! ఈ సంస్థ నిజాయితీకి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి!"

చప్పట్లు! తనిఖీ సంఘం అక్కడికక్కడే శాశ్వతమైపోయింది. డైరెక్టర్ గారు దానికి అధ్యక్షులయ్యారు.

బహుమతి డైరెక్టర్ గారి చేతికందగానే పెద్దాయన ముందుకొచ్చారు. "అయ్యా, ఆ సంఘంలో నాకూ కాస్త చోటిప్పించండి. తనిఖీ చెయ్యాలని మోకాళ్ళు తహతహలాడుతున్నాయి."

అందరూ డైరెక్టర్ గారి మొహంలోకి చూశారు. "దానికేం... తప్పకుండా!" అన్నారాయన.

"నన్నూ చేర్చుకోండయ్యా" అంది ఊడ్చే అమ్మ. ఆవిడ వెనకే మిగతావాళ్ళంతా వరుస కట్టారు.

కొద్దిరోజులకే సంఘంలో లేనివాడు సంస్థలో లేకుండా పోయాడు. ఓ ఉదయం డైరెక్టర్ గారు వచ్చేసరికి సరుకుల లిఫ్ట్ నిండా సభ్యులే. మధ్యలో స్టూలు మీద పెద్దాయన. కాలు పెట్టడానికి చోటు లేదు.

"కాస్త జరగండమ్మా, నేను అధ్యక్షుణ్ణి."

"అందుకేనండీ" అంది టైపిస్టు ఎంతో వినయంగా. "లిఫ్టును మేం చూసుకుంటాం. మెట్లనూ ఎవరో ఒకరు తనిఖీ చెయ్యాలి కదా! అంత పెద్ద పని మీరు తప్ప ఎవరు చెయ్యగలరు?"

తలుపు మూసుకుంది.

డైరెక్టర్ గారు మెట్ల వైపు నడిచారు. మూడో అంతస్తు మలుపులో చతికిలబడ్డారు. చెయ్యందించమని కేకేద్దామంటే పైన ఎవరూ లేరు, కింద ఎవరూ లేరు. ఆ భవనం మొత్తానికి ఆయన సిద్ధాంతాన్ని ఆచరిస్తున్నవాడు ఆయనొక్కడే!