మా వీధికి మూడు టైములు ఉండనివ్వండి

ఒక ఊరికి ఒకే టైమ్ ఉండటమంత దరిద్రం ఇంకోటి లేదు.

ఈ మాట అంటున్నది గడియారాలు బాగుచేసి బతికేవాడు. చదివింది పల్లెటూరి బడిలో ఎనిమిదో క్లాసు. అదీ రెండుసార్లు. కాబట్టి నమ్మవచ్చు.

సోమవారం నుంచి మా టౌన్‌లో ఒకే టైమ్ అట. తిరగబడ్డ దళాలు మూడూ ఒప్పుకున్నాయట. గడియారాలన్నీ నేనే తిప్పాలట. పుట్టుక కాగితాలూ చావు కాగితాలూ కూడా కొత్త టైములోకి మార్చి రాస్తారట. జనం సంబరపడుతున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకంటారా? చెప్తాను, మూడు టైములున్నవాడికి తొందరేమిటి!

యుద్ధం మొదలైనప్పుడు ప్రభుత్వం మీద తిరగబడ్డ దళం ఒక్కటే. ఒకే జెండా, ఒకే టైమ్. ఎంత వెనకబడి ఉన్నామో చూడండి. తర్వాత తూర్పు దేశం తుపాకులు పంపింది. పడమటి దేశం జీపులు పంపింది. తుపాకులు అందినవాళ్ళకి జీపులవాళ్ళు ద్రోహుల్లా కనిపించారు. జీపులవాళ్ళకీ అలాగే కనిపించింది, కాస్త వేగంగా. దళం రెండైంది. మెయిన్ రోడ్డుకి అటువైపు తూర్పు దళం, ఇటువైపు పడమటి దళం. నా షాపూ ఇల్లూ ఇటువైపు.

ఆర్డర్లు రేడియోలో వచ్చేవి. ఏ దేశం రేడియో ఆ దేశం టైమే చెబుతుంది కదా! అందుకని తూర్పు దళం తన వైపు గడియారాలన్నీ అరగంట ముందుకి తిప్పించింది. పడమటి దళం అరగంట వెనక్కి తిప్పించింది. తిప్పింది ఎవరు? ఇంకెవరు! ఇద్దరూ నాకు 'టైమ్ ఆఫీసర్' అని కాగితం రాసి స్టాంపు కొట్టారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడనివాళ్ళు నన్నొక్కణ్ణే నమ్మారు. రెండు కాగితాలకీ ఫ్రేములు కట్టించి షాపులో పక్కపక్కనే తగిలించాను. అవి మాత్రం కొట్టుకోలేదు.

మా ఆవిడ వాటిని చూసి, "ఊరందరికీ టైమ్ చెప్తారు, భోజనానికి మాత్రం టైముకి రారు," అంది. కుళ్ళు అనుకున్నాను.

ఇక లాభాలు వినండి. మా రోడ్డు వెడల్పు ఇరవై అడుగులు. దాటితే ఒక గంట. ఇంత తక్కువ నడకతో ఇంత కాలం ఏ సైంటిస్టు సంపాదించాడు? రెండువైపులా ఆరింటికే కర్ఫ్యూ. అటువైపు ఆరు కొట్టగానే ఇటువైపు దూకితే ఐదే. మా బావమరిది అలా రోజూ ఒక గంటని రెండుసార్లు బతికాడు. ఒక్కసారి కూడా పనికొచ్చే పని చేయలేదు. ఎదురుగా ఉన్న టైలర్ చొక్కా ఐదింటికి ఇస్తానన్నాడు. వెళ్ళి ఏదని అడిగితే, "ఏ ఐదో నువ్వు ముందే అడగాలి కదా అన్నా," అన్నాడు. ఆ చొక్కా ఇప్పటికీ రాలేదు. అబద్ధం ఆడకుండా మాట తప్పే సౌకర్యం అంతకుముందు మంత్రులకే ఉండేది!

ఒకసారి దళాలు రెండూ రాజీపడ్డాయి. వంతెన దగ్గర ప్రభుత్వ క్యాంపు మీద తెల్లవారుజామున ఐదింటికి కలిసి దాడి చేద్దామనుకున్నాయి. తూర్పు దళం తన ఐదింటికి వెళ్ళింది. ముప్పావుగంట చూసింది, తోడెవరూ రాలేదు. నాలుగు తూటాలు కాల్చి వెనక్కి తిరిగింది. పడమటి దళం తన ఐదింటికి ఎదురొచ్చింది. క్యాంపు వైపు నుంచి తుపాకులతో వచ్చేవాడు శత్రువు కాక ఇంకెవరు? తూటాలు అయిపోయేదాకా కాల్చుకున్నారు. క్యాంపులో సైనికులు మెట్లమీద కూర్చుని చూశారట.

పదకొండుమందిని పూడ్చి విచారణ పెట్టారు. ఎవరు ఆలస్యం? రెండు గడియారాలూ నా బల్లమీద పెట్టారు. పరీక్షించి, రెండూ కరెక్టేనని సంతకం పెట్టాను. నా పనిలో లోపం లేదు.

ఇద్దరిదీ తప్పేనన్న కొందరు విడిపోయి, వంతెన పక్క బజారు పట్టుకుని మూడో దళం పెట్టారు. ఉత్తరాన కొండల దేశం వెంటనే వాళ్ళకి కంబళ్ళూ మందుపాతరలూ పంపింది. ఆ దేశం టైముకి ఇంకో పావుగంట తేడా. నాకు మూడో కాగితం, మూడో ఫ్రేము. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. మా ఎద్దు మీద మూడు కాకులు. పైగా ఒక్కో కాకికీ ఒక్కో వాచీ.

ఇంత సుఖంలోనూ ఒక చిన్న సంగతి జరిగింది. రాయకపోతే రాయలేదంటారు.

మా ఆవిడకి ఉబ్బసం. ఆయాసం ముదిరితే క్లినిక్‌లో ఇంజెక్షన్ చేయించాలి. క్లినిక్ అటువైపే గానీ, ఇటువైపు రోగులే ఎక్కువని డాక్టర్ మా టైమే పెట్టుకున్నాడు. ఐదింటికి మూసేవాడు. ఒక బుధవారం తూర్పు దళం నన్ను పిలిచి, క్లినిక్ గోడగడియారం కూడా గంట ముందుకి తిప్పమంది. స్టూలెక్కి తిప్పాను. దుమ్ము కూడా తుడిచాను.

మర్నాడు మూడున్నరకి ఆవిడ షాపుకి వచ్చింది. మాట కంటే ముందు ఊపిరి వినిపిస్తోంది. మా కమాండర్ వాచీ విప్పి ఉంది నా ముందు. "ఐదింటికి కదా మూసేది, ఇంకా గంటన్నర ఉంది, కూర్చో," అన్నాను. కూర్చుంది. ఎదురు చెప్పే అలవాటు ఉంది గానీ, ఆరోజు ఊపిరి లేదు.

నాలుగున్నరకి బయల్దేరాం. క్లినిక్‌కి తాళం. డాక్టర్ కర్ఫ్యూకి ముందే ఇల్లు చేరాలని వెళ్ళిపోయాడు. కిటికీ అద్దంలోంచి గోడగడియారం కనిపిస్తోంది. ఐదున్నర. ఒక్క సెకను తేడా లేదు. మంచి పనితనం.

ఆవిడ మెట్టుమీద కూలబడి దానికేసి చూసింది. "నిన్న మీరే కదండీ దాన్ని తిప్పింది," అంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆవిడ చివరి మాట అది. దెప్పిపొడిచినట్టు కూడా అనలేదు. దెప్పితే జవాబు చెప్పేవాణ్ణి.

తర్వాత కాంపౌండర్ వచ్చి చావు కాగితం రాస్తూ, "ఏ టైమ్ వెయ్యమంటావు బాబాయ్?" అని అడిగాడు. నాది వెయ్యమన్నాను. నాలుగు యాభై. క్లినిక్ బోర్డుమీద ఐదు వరకూ అని ఉంది. అంటే కాగితం ప్రకారం మా ఆవిడ, క్లినిక్ తెరిచి ఉండగానే, పది నిమిషాలు ముందే తీసుకొచ్చిన మొగుడి పక్కన పోయింది.

చూశారా, ఎంత గొప్ప ఏర్పాటో! దళాలది తప్పు కాదు, దేశాలది తప్పు కాదు, డాక్టర్‌ది కాదు. గడియారాలన్నీ కరెక్టే. ఇక నాకెక్కణ్ణుంచి వస్తుంది తప్పు?

ఇప్పుడు మూడు దేశాలూ కూర్చుని మాట్లాడుకున్నాయి. మమ్మల్ని పిలవలేదు. పడమటి దేశానికి నది నీళ్ళు దక్కాయి. కొండల దేశానికి రోడ్డు దక్కింది. తూర్పు దేశం మాకు తన టైమ్ ఇచ్చింది. శాంతి అంటే ఇదేనట. సోమవారం మా ఆవిడ కాగితంలో నాలుగు యాభై కొట్టేసి ఐదు యాభై అని రాస్తారు.

ఆరోజు క్లినిక్ గడియారం జోలికి వెళ్ళక్కర్లేదు. అది ముందునుంచే సరిగా ఉంది, నేనే పెట్టాను. తిప్పాల్సింది నా షాపులోదే.

అయ్యలారా, కమాండర్లారా, మిగతావన్నీ తిప్పుతాను. నా గోడమీదది వదిలేయండి. నేను టైముకే వచ్చానని చెప్పే సాక్షి ఈ ఊళ్ళో అదొక్కటే.