క్లారీకి చెప్పని మంట

ఆస్ట్రేలియాలోని గిప్స్‌ల్యాండ్ కొండల్లో ఆ ఉదయం డల్సీ వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి పెరట్లోని కొమ్మల కుప్ప తగలబెట్టాలి, పదకొండుకల్లా టీ తాగాలి. మరునాటి నుంచి వేసవి నిషేధం. ఆరుబయట అగ్గిపుల్ల గీసినా జరిమానా. ఎండిన యూకలిప్టస్ కొమ్మలు వేసవంతా ఇంటి పక్కనే పడి ఉంటే, ఎక్కణ్ణుంచో ఎగిరొచ్చే ఒక్క నిప్పురవ్వ చాలు, పోయిన భర్త కీత్ కట్టిన ఇల్లు మిగలదు.

అనుమతి పత్రం జేబులో ఉంది. కుప్ప చుట్టూ మూడు మీటర్లు గడ్డి చెక్కించింది. షెడ్డు పక్క ట్యాంకు నుంచి నీళ్ల గొట్టం లాగి పెట్టుకుంది. ఇరుగుపొరుగుకు ముందురోజే చెప్పాలన్నది షరతు. పత్రం వెనక ఆరు పేర్లు రాసి, ఆరింటికీ టిక్కు పెట్టింది. చెప్పింది మాత్రం ఐదుగురికే. ఆరోవాడు కంచె అవతలి క్లారీ. కీత్ చివరి ఏడాది నాటిన గులాబీలను అతని పొట్టేలు మేసేసిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ దొంగ టిక్కున్న పత్రాన్ని పొద్దుటి నుంచి డల్సీ జేబులో ఇంకా లోపలికి తోస్తూనే ఉంది.

పదింటికి గాలి లేచింది. గాలి ఉండగా అంటించకూడదు. కంచెకు కట్టిన రిబ్బను ఎప్పుడు వాలుతుందా అని కుప్ప దగ్గరే నిలబడిపోయింది. టీలోకని ఓవెన్లో పెట్టిన చిన్న రొట్టెలు, స్కోన్ల సంగతి మరిచిపోయింది.

పొగ వాసన వచ్చింది. అంటించని కుప్పకు పొగేమిటని కంగారుగా దాని చుట్టూ తిరిగింది. తలెత్తితే వంటింటి కిటికీ! ఓవెన్ తలుపుకు ఆరేసిన తువ్వాలు అంటుకుని, మంట తెర దాకా పాకింది. గొట్టం పట్టుకుని పరిగెత్తింది. పది అడుగులు తక్కువైంది. ముందురోజు చెప్పిన ఐదుగురిలో ఒకరైన మావిస్‌కు ఫోన్ చేసింది.

"మావిస్! పొగ!"

"కనిపిస్తోందే తల్లీ! చెప్పిన టైముకి చెప్పినట్టు, ఎంత పద్ధతిగా లేస్తోందో! నిన్ను చూసి నేర్చుకోమని ఇప్పుడే మా ఆయన్ని తిట్టాను."

"అది కుప్ప కాదే, వంటిల్లు!"

"నీ వేళాకోళాలు నీవి. నాకో స్కోను దాచిపెట్టు," అని మావిస్ పెట్టేసింది.

ఆ ఐదుగురిలోనే ఇంకొకడు, రోడ్డు మీద పోతున్న టెడ్, హారన్ కొట్టి, భేష్ అన్నట్టు బొటనవేలెత్తి సాగిపోయాడు. ఇంతమందికి చెప్పినందుకు డల్సీకి ఏడుపొచ్చింది.

అగ్నిమాపక నంబరు నొక్కేలోపే ఎర్రబండి గేటులోకి దూసుకొచ్చింది. ఐదు నిమిషాల్లో మంట ఆరింది. తెర, తువ్వాలు, ఒక అలమర పోయాయి. ఇల్లు నిలిచింది.

బండి వెనకే క్లారీ ఊగిపోతూ వచ్చాడు.

"చూశావా బ్రెట్! చెప్పాపెట్టకుండా తగలబెడుతోంది. అందుకే ఫోన్ చేశా. వెయ్యి జరిమానా!" అంటూ నల్లబడిన కిటికీ చూసి నోరు మూశాడు.

దళం నాయకుడు బ్రెట్ పత్రం అడిగి తీసుకున్నాడు.

"క్లారీ, నీ పేరు పక్కన టిక్కుందే. నీకు చెప్పలేదా ఈవిడ?"

డల్సీ నేలచూపులు చూసింది. క్లారీ ఆమె ఇంకా వదలని నీళ్ల గొట్టాన్ని చూశాడు. ఆ వెనక మోళ్లుగా మిగిలిన గులాబీల్ని చూశాడు.

"చెప్పే ఉంటుంది. వయసు మీద పడింది కదా, నేనే మరిచిపోయా."

మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. దళం వెళ్లిపోలేదు. దగ్గరుండి కుప్పను బూడిద చేసి, ఆ బూడిదనూ తడిపి, మాడిన స్కోన్లను గీకి గీకి తిన్నారు. డల్సీ అందరికీ టీ పోసి, క్లారీ కప్పు దగ్గర ఆగింది.

"నీ ఫోనే లేకపోతే ఇల్లు దక్కేది కాదు, క్లారీ. పొట్టేలు సంగతి ఇవాళ్టితో వదిలేశాను. వచ్చే ఏడు మొట్టమొదట నీకే చెబుతాను."

క్లారీ టీ ఊదుకున్నాడు.

"వద్దులే. ఒక్కడికైనా చెప్పకుండా ఉంచు."