ఐదో గడి

శనివారం పొద్దున్నే కాఫీ తాగి, కూతురు సిరి యూనివర్సిటీ అప్లికేషన్‌లో ఐదో గడి నింపించేసి, తర్వాత కారు కడుక్కుందామని రామమోహనరావు ప్లాను. ఇంగ్లండులో ఐదు కోర్సులకు దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ, నాలుగింటికి మించి మెడిసిన్ పెట్టనివ్వరు. ఆ నాలుగూ అయిపోయాయి. ఐదోది వేరే ఏదో ఒకటి పెట్టాలి.

"బయోమెడికల్ పెట్టమ్మా. మెడిసిన్ రాకపోతే అది చదివి మళ్ళీ మెడిసిన్‌కే అప్లై చెయ్యొచ్చు," అన్నాడు.

"జియాలజీ, డాడీ. ఐ లవ్ రాక్స్," అంది సిరి.

కుర్చీలోంచి లేచిన రామమోహనరావు ఇక కూర్చుంటే ఒట్టు. హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, తమలాగే లండన్ శివారు హారోలో ఉండే డాక్టర్ విద్యాసాగర్‌కు గుట్టుగా ఫోన్ చేశాడు. "భోజనానికి రండి డాక్టర్ గారూ. మాటల్లో మాటగా బయోమెడికలే మంచిదని మా అమ్మాయికి చెప్పండి." సరిగ్గా అప్పుడే వంటింట్లో ఆయన భార్య కస్తూరి, విద్యాసాగర్ భార్య డాక్టర్ ప్రవల్లికకు ఫోన్ చేసి, ఫార్మకాలజీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని బతిమాలుతోంది. మందుల కంపెనీలో ఉద్యోగమైనా గ్యారంటీ అని ఆవిడ లెక్క.

డాక్టర్లిద్దరూ ఒకే కారులో వచ్చారు. పప్పు వడ్డిస్తుండగా ఆయన బయోమెడికల్ అన్నాడు, ఆవిడ ఫార్మకాలజీ అంది. పులుసు దగ్గరికొచ్చేసరికి చదువుల సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

"మీరు రాసే మందులు మీకే గుర్తుండవు, పిల్లలకి సలహాలా!"

"పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్కసారైనా నా మాట నెగ్గనిచ్చావా?"

పాయసం ముట్టకుండా ఆవిడ కారేసుకుని వెళ్ళిపోయింది. ఆయన బస్సెక్కాడు.

"నీకు నచ్చిందే పెట్టుకో తల్లీ! ఎలాగూ చేరేది కాదుగా!" అని రామమోహనరావు చేతులెత్తేశాడు. ఆయన మాట పూర్తయ్యేలోపే సిరి జియాలజీ పెట్టేసింది.

వసంతంలో రెండు మెడికల్ కాలేజీలు రమ్మన్నాయి. కస్తూరి లడ్డూలు చుడుతుండగా జియాలజీ వాళ్ళు సీటు ఇవ్వలేమన్నారు. సిరి గదిలోకెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ చదువు తనకి అంత ఇష్టమని అప్పటిదాకా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

రామమోహనరావుకు ఒళ్ళు మండింది. "మెడికల్ వాళ్ళే పిలిచి సీటిస్తుంటే, రాళ్ళు కొట్టేవాళ్ళు మా అమ్మాయిని కాదంటారా?" అని వెంటనే ఆ యూనివర్సిటీకి ఫోన్ కలిపాడు. అప్లికేషన్ నిండా డాక్టరీ మీద ప్రేమే ఉంది, మా సబ్జెక్టు ఊసే లేదన్నారు వాళ్ళు.

"అది మేము రాయించిందండీ! సముద్రానికి తీసుకెళ్తే ఐస్‌క్రీమ్ వద్దని గులకరాళ్ళు ఏరుకున్న పిల్ల! ఒక్కసారి మాట్లాడి చూడండి, ఆ తర్వాత కాదనండి!"

మర్నాడు వాళ్ళు సిరితో మాట్లాడారు. ఆ వారంలోనే సీటిచ్చారు.

వాదించి నెగ్గానని రామమోహనరావు ఆఫీసులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. మెడికల్ సీట్లు రెండూ సిరి వదిలేసిందన్న సంగతి సాయంత్రం ఇంటికొచ్చాక తెలిసింది.