కొంగలవాగులో ఈకల గాలం

ఆ ఉదయం ప్రియ వేసుకున్న పథకం చాలా చిన్నది. భూపాలపల్లి అడవిలోని కొంగలవాగుకు ఒక్క మనిషిని తీసుకెళ్లాలి, ఒక్క చేపను పట్టించాలి, దాన్ని తిరిగి నీళ్లలో వదిలించాలి, చప్పుడు లేకుండా వెనక్కి రావాలి. అయినా రాత్రంతా ఆమెకు నిద్ర లేదు.

గార్ల పక్క తండాలో పుట్టిన ప్రియ హిమాచల్ కొండల్లో ఒక లాడ్జిలో పనిచేస్తూ ఈకల గాలం వేయడం నేర్చుకుంది. చిన్న ముల్లుకు ఈకలు చుట్టి ఈగలా తయారుచేసి, నీటి మీద వాలినట్టు విసరడమే అందులోని విద్య. దాన్ని ఇక్కడి వాళ్లకు నేర్పుతానని చెప్పులరిగేలా తిరిగితే, ఫారెస్టు రేంజర్ యోహాను ఒక్క రోజు చూద్దామన్నాడు. "లొల్లి అయిందంటే మళ్ల నా దిక్కు రావద్దు" అని కూడా అన్నాడు.

వచ్చిన మనిషి జగపతి, జనగామలో సిమెంటు వ్యాపారి. కారును రోడ్డు మీద వదిలి, తలకు ఆకుపచ్చ టోపీ పెట్టుకుని ఉత్సాహంగా నడిచాడు.

"ఇంట్ల పాలకుర్తి గుడికి పోతున్నని చెప్పి వచ్చిన బిడ్డా. చేపలకు అంటే మా ఆమె నవ్వుతది."

"మెల్లగ మాట్లాడుండ్రి సార్. గాలం ఎనకకు ఇసిరినంక జర ఆగాలె. దారం సాగినంకనే ముందుకు."

జగపతికి ఆగడం చేతకాదు. మొదటి విసురుకే ముల్లు వెనక నుంచి వచ్చి ఆయన చెవిలో దిగింది.

"పట్టింది. చెవి పట్టింది బిడ్డా. గుంజుతున్నది, ఇడుస్తలేదు" అని ఆయన పెట్టిన కేక కొండకు తగిలి తిరిగొచ్చింది.

ముల్లుకు వెనక్కి తిరిగిన మొన లేదు కాబట్టి సులువుగానే ఊడొచ్చింది. నెత్తురు కారుతుంటే తన చున్నీ చింపి ఆయన తల చుట్టూ కట్టింది. కేక ఎవరి చెవినైనా పడిందేమోనని చుట్టూ చూసింది. ఎవరూ కనిపించలేదు.

పడింది. పైన కొండ మీద ఇప్పపూలు ఏరుతున్న ఊరి మనిషి లచ్చి చెవిన. ఆమె గంప వదిలేసి, సిగ్నల్ అందేదాకా ఎక్కి ఊళ్లోకి ఫోన్ చేసింది. "వాగుల ఎవర్నో చెవి పట్టి గుంజుతున్నదట" అన్నది. ఏది గుంజుతున్నదో ఆమె చెప్పలేదు. నాలుగు రోజులుగా పులి మాట తప్ప వేరే మాట లేని ఊరికి చెప్పనక్కరలేదు కూడా.

కాసేపటికి వాగు పైనుంచి డప్పులు, కంచాలు, కర్రలతో ఊరు ఊరంతా నీళ్లు తొక్కుకుంటూ దిగింది. ప్రియ రెండు చేతులూ ఊపుతూ ఎదురుపోయింది.

"పులి లేదు. ఏం లేదు. చప్పుడు చెయ్యకుండ్రి, మీకు దండం పెడత."

అందరికంటే ముందున్న రెడ్యా, కట్టు కట్టుకుని కూర్చున్న జగపతిని చూసి ఇబ్బందిగా నిలబడ్డాడు.

"సారూ, రోడ్డు మీద కారు మీదేనా? అద్దం మీద ఇంటి నంబరుంటే ఫోన్ చేసిన, అమ్మ ఎత్తింది. పులి పట్టి మీరు పోయిండ్రని చెప్పిన."

"ఏమన్నది?"

"నమ్ముతలేదు. పాలకుర్తిల పులి ఎక్కడిది అంటున్నది."

ముల్లు దిగినప్పుడు కూడా కనిపించని భయం జగపతి ముఖంలో అప్పుడు కనిపించింది. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతూ, గాలపు కర్రను రాతి మీద వదిలేసి లేచాడు. ముల్లుతో సహా దారం కొస జారి నీళ్లలో పడింది.

అప్పుడే జీపు దిగి యోహాను వచ్చాడు. జనాన్ని చూశాడు, డప్పులను చూశాడు, నెత్తుటి కట్టును చూశాడు.

"గిదేనా నువ్వు చెప్పిన చప్పుడు లేని పని? ఇయ్యాల్టితోని బంద్."

ప్రియ ఏదో చెప్పబోయింది. అంతలో రాతి మీది కర్ర దానంతటదే జారింది, దానికున్న దారపు చక్రం గిర్రుమంది. జగపతి పెళ్లాన్ని మరిచి దూకి పట్టుకున్నాడు. ప్రియ కూడా రేంజర్‌ని మరిచింది.

"గుంజకుండ్రి సార్, దాన్ని పోనియ్యుండ్రి. ఇప్పుడు మెల్లగ చుట్టుండ్రి."

కొర్రమట్ట. చెయ్యంత చేప ఒడ్డుకు రాబోతుండగా నీళ్లలోంచి గోధుమరంగు తల ఒకటి లేచి దాన్ని నోట కరిచింది. పక్కన ఇంకో తల, వెనక ఇంకోటి. డప్పులకు బెదిరి పై మడుగులోంచి దిగిన నీటికుక్కలు. ముల్లు ఊడి చేప వాటి పాలైంది. అవతలి బండ మీదికెక్కి, అంతమంది చూస్తుండగా కరకర నమిలాయి. డప్పు పట్టుకున్నవాళ్లు వాటిని చప్పుడు కాకుండా కింద పెట్టారు.

"వీటిని నేను పుస్తకాలల్లనే చూసిన" అన్నాడు యోహాను. గొంతులో కోపం లేదు. "ప్రియా, రేపటి సంది మనుషులను తోల్కరా. దూరం కెల్లి వీటిని చూపియ్యి. పై ఆఫీసర్లతోని నేను మాట్లాడత."

ప్రియకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరి గాలాలు సార్?"

"గాలమా? ఇవి ఉన్న వాగుల గాలమెట్ల ఏస్తరు? ఎవరు తెచ్చినా కేసే."

ఇప్పుడు ఆదివారాలు కొంగలవాగుకు జనగామ నుంచి కూడా జనం వస్తున్నారు. ఇక్కడ చేపలు పడతారటగా, ఎవరు పడతారని అడిగితే, ప్రియ అవతలి బండను చూపిస్తుంది.