స్వచ్ఛందంగా సీటు వదులుకునేవారు

విమానాన్ని గాలిలో నిలబెట్టేది ఇంధనమని నమ్మే అమాయకులు ఈ లోకంలో ఇంకా ఉన్నారు. నిజానికి దాన్ని నిలబెట్టేది ఆర్థిక అంచనా. ఆ చౌక విమాన సంస్థ ఈసారి విడుదల చేసిన అంచనాలో ఒకే ఒక్క వాక్యం ఉంది: పెద్ద సంస్థలో విలీనం జరిగితే లాభం ఖాయం, జరగకపోతే నష్టం ఖాయం, జరుగుతుందో లేదో ఎవరికీ తెలియదు కనుక పరిస్థితి ఆశాజనకం. (ఈ వాక్యం రాయడానికి బయటి నిపుణులను పిలిపించారు. లోపలివాళ్ళను అడిగితే ముందు పాత జీతం బకాయిలు అడుగుతున్నారు.)

ఆ సంస్థలో చెక్-ఇన్ కౌంటర్ల ఇంచార్జిగా ఒకావిడ ఉండేది. అందరూ కౌంటర్ మేడం అనేవారు. ఎలాగూ కొందరు రారు కదా అన్న ధీమాతో సంస్థ సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మేది. అందరూ వచ్చేసిన దురదృష్టకరమైన రోజుల్లో ఎవరో ఒకరితో సీటు వదిలించే బాధ్యత ఆవిడది. ఆవిడ బతిమాలదు, బెదిరించదు. కౌంటర్ దాటి వచ్చి ప్రయాణికుడి పక్కన నిలబడి, అతని సంచి తన భుజానికి తగిలించుకుని, క్షేమసమాచారాలు అడుగుతుంది. అతను తేరుకునేసరికి చేతిలో ఉచిత టికెట్ వోచర్ ఉంటుంది, విమానం మాత్రం ఉండదు. ఇలాంటివారిని సంస్థ స్వచ్ఛంద ప్రయాణికులు అని గౌరవంగా పిలుస్తుంది.

విలీనం సంగతి తేలేలోపు సిబ్బంది సంగతి తేల్చాలని పైవాళ్ళకు అనిపించింది. విలీనమైతే ఒక్కో కుర్చీకి ఇద్దరేసి మనుషులవుతారు. కాకపోతే అసలు కుర్చీయే మిగలదు. ఎటు తిరిగినా కొందరు దిగక తప్పదు. తీసేస్తే పరిహారం ఇచ్చుకోవాలి, కొనబోయేవాళ్ళ ముందు పరువూ పోతుంది. అప్పుడు మానవ వనరుల అధిపతికి ఒక ఆలోచన తట్టింది. కౌంటర్ మేడంను గదిలోకి పిలిపించాడు.

"మనవాళ్ళని తీసెయ్యటం లేదమ్మా. కుర్చీలకంటే మనుషుల్ని ఎక్కువ బుక్ చేసుకున్నాం, అంతే. నువ్వు రోజూ చేసే పనే ఇది."

"వాళ్ళు ప్రయాణికులు సార్. సాయంత్రానికి ఇంకో విమానం ఎక్కుతారు. వీళ్ళేం ఎక్కుతారు?"

"అది విలీనం అయ్యాక ఆలోచిద్దాం. నీ కుర్చీకి మాత్రం ఢోకా లేదు. ఎవర్నీ దించలేకపోయిన రోజున మాత్రం నేనేం చెప్పలేను మరి."

ఆవిడ ఆ పని కూడా నవ్వు చెదరకుండా చేసింది. అనౌన్స్‌మెంట్లు చేసే అమ్మాయి ఉచిత టికెట్ వోచర్ పుచ్చుకుని వెళ్ళిపోయింది. విమానానికి మెట్లు తోసే పెద్దాయన వెళ్ళిపోయాడు. (అప్పటినుంచి మెట్లు పైలట్ తోస్తున్నాడు. కో-పైలట్ కుర్చీని కూడా వదిలించబోతే ఏవో భద్రతా నిబంధనలు అడ్డొచ్చాయి. వాటిని సడలించమని దరఖాస్తు పెట్టారు.) చివరికి దించాల్సినవాళ్ళలో లగేజీ బెల్టు సూపర్‌వైజర్ ఒక్కడే మిగిలాడు. ఆయన ఆవిడ భర్త.

ఆ సంగతి ఇంట్లో ఎలా ఎత్తాలో ఆవిడకు పాలుపోలేదు. మర్నాడు పొద్దున ఆయన డ్యూటీకి బయలుదేరుతుంటే, ఆయన టిఫిన్ సంచి తన భుజానికి తగిలించుకుని పక్కన వచ్చి నిలబడింది.

"మోకాలి నొప్పి ఎలా ఉందండీ?" అంది.

ఆయన ఆ సంచి వంక, ఆవిడ వంక చూశాడు.

"అర్థమైందిలే. వోచర్ ఎక్కడ పెట్టావ్?"

అందరినీ నవ్వుతూ దించిన మనిషి గడప మీద కూర్చుని భోరుమని ఏడ్చింది. ఆయనే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

కొనబోయే పెద్ద సంస్థవాళ్ళు వచ్చి చూసుకుంటే విమానాలు అద్దెవి, కౌంటర్లు అద్దెవి, మనుషులు లేరు. ఏం కొనాలో వాళ్ళకు అంతుపట్టలేదు. విలీనం సంగతి మళ్ళీ చెబుతామన్నారు కానీ, రేపు నిజంగా విలీనమైతే పనికి మనుషులు చాలరని భయపడి, తమ ఊళ్ళో ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు పెట్టారు. కౌంటర్ మేడం భర్తకూ పిలుపు వచ్చింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, వోచర్ పట్టుకుని, పొద్దుటి విమానానికి వచ్చాడు.

ఆ విమానానికి అందరూ వచ్చేశారు. ఒకరు దిగాలి. ఆవిడ, భర్త వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని, గేటు దగ్గర కుర్చీల వైపు కదిలింది. అక్కడ అనౌన్స్‌మెంట్ల అమ్మాయి, మెట్ల పెద్దాయన, టికెట్లు చింపినవాళ్ళు, సీట్లు తుడిచినవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరిదీ అదే ఇంటర్వ్యూ, అందరివీ ఆవిడ చేతుల మీదుగా ఇచ్చిన వోచర్లే. ఆవిడ రావడం చూసి అందరూ ఒక్కసారిగా తమ సంచులను ఒళ్ళోకి లాక్కున్నారు.

"ఇంకోసారి కాదక్కా," అంది అమ్మాయి మెల్లగా. "నా పాపకి నేను తప్ప ఎవరూ లేరు."

పెద్దాయన కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. ఇంటర్వ్యూతో సంబంధం లేని ఒకాయన, తనది సొంత డబ్బుతో కొన్న టికెట్ అని గట్టిగా చెప్పాడు. ఆవిడకు ఎవరి క్షేమసమాచారమూ అడగబుద్ధి కాలేదు. గేటు పక్కన, విమానాశ్రయంలో సంస్థ వ్యవహారాలు చూసే మేనేజర్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

ఆవిడ భర్త లేచి వచ్చాడు.

"నేను ఆగిపోతాను మేడం."

"కూర్చోండి మీరు," అంది ఆవిడ గొంతు తగ్గించి. "ఆ ఉద్యోగం మీకు వచ్చేదే."

"వస్తుందో రాదో. నీది ఉందిగా. ఇవాళ ఎవరూ దిగకపోతే అదీ పోతుంది. ఈ బోర్డింగ్ పాసు తీసుకో, జనం చూస్తున్నారు."

ఆవిడ తీసుకుంది. నవ్వు అలవాటు కొద్దీ వచ్చేసింది. విమానం సమయానికే బయలుదేరింది. మెట్లు లాగేశాక పైలట్ కొంచెంసేపు ఆయాసం తీర్చుకున్నాడు, అంతే.

ఆ సాయంత్రం సంస్థ కొత్త ప్రకటన విడుదల చేసింది. విమానాలు కిక్కిరిసి వెళ్తున్నాయి కనుక ప్రజలకు సంస్థ మీద నమ్మకం పెరిగిందని, విలీనం విషయం ఇంకా పరిశీలనలో ఉందని అందులో రాశారు. ఇంత కష్టకాలంలోనూ ఒక్క మనిషిని కూడా దించలేదని, దిగినవాళ్ళంతా వాళ్ళంతట వాళ్ళే దిగారని కూడా రాశారు.