పడవ మీద ఫలహారం రంగులు

ఆ ఉదయం దెల్ఫీనా పథకం చాలా సులువు. కొబ్బరినీళ్ళలో బాక్టీరియా అల్లిన నాటా పొరలు మూడు వారాల పెంపకం ముగించుకుని సిద్ధంగా ఉన్నాయి. వాటికి జిగురు పట్టించి వేడి ప్రెస్సులో నొక్కితే చెక్కను తలదన్నే పలక అవుతుంది. సాయంత్రం పడవలు కట్టే అంతెనోర్ వచ్చి దానిమీద నిలబడి చూస్తాడు. విరిగిందా, ఆమె ఎనిమిదేళ్ళ పరిశోధనకు ఆ రోజుతో తాళం. విరగదని ఆమెకు గట్టి నమ్మకం.

ల్యాబ్ ఫ్రిజ్ పాడైందని పొరల్ని క్యాంటీన్ ఫ్రిజ్‌లో పెట్టడమే ఆమె చేసిన పొరపాటు. వాళ్ళ లగూనా ప్రాంతంలో జెల్లీలాంటి ఈ నాటా కనబడితే ఎవరికైనా తియ్యటి పళ్ళ సలాడే గుర్తొస్తుంది.

"పసీతక్కా, నా పొరలేవి?"

"డైరెక్టరుగారి పుట్టినరోజు కదమ్మా. ముక్కలు కోసి పాకంలో ఉడికించా. సగం ఎరుపు, సగం పచ్చ. ఎంత ముచ్చటగా ఉన్నాయో చూడు" అంది వంటామె పసీత.

"అవి పడవ చెయ్యడానికక్కా."

"నాటాతో పడవా? నీ చదువుకో దణ్ణం తల్లీ."

దెల్ఫీనా తల పట్టుకు కూర్చునే రకం కాదు. గిన్నె ఎత్తుకుపోయి, ముక్కలు కడిగి, మిక్సీలో రుబ్బి, నీరు పిండి, జిగురు కలిపి ప్రెస్సులో పెట్టేసింది. తీపి పోయింది గానీ రంగు పోలేదు.

ఈలోగా క్యాంటీన్‌లో అలజడి రేగింది. డైరెక్టరు చెంచాతో సహా ల్యాబ్‌కొచ్చాడు.

"నాటా లేని సలాడు పెడతారా నాకు? ఏదమ్మా అది?"

"ప్రెస్సులో ఉందండి."

ఆయన వెనక గిన్నెలు పట్టుకుని సిబ్బందంతా వరస కట్టారు. ముందుగానే వచ్చేసిన అంతెనోర్ అదేదో స్వాగతం అనుకుని, తనూ ఒక గిన్నె అందుకుని చివర నిలబడ్డాడు.

అందరి కళ్ళముందే ప్రెస్సు తెరవాల్సి వచ్చింది. ఎరుపూ పచ్చా కలగలిసిన పలక బయటికొచ్చింది. దెల్ఫీనాకు సిగ్గేసింది. అంతెనోర్ దాన్ని రెండు ఇటుకల మీద వేసి, ఎక్కి నిలబడ్డాడు. అది చాలక డైరెక్టర్ని కూడా ఎక్కించాడు. ఇద్దరూ బరువైనవాళ్ళే. పలక కిక్కురుమనలేదు.

"ఈ రంగు పోతుందా?" అనడిగాడు అంతెనోర్ దిగుతూ.

"ఎంత కడిగినా పోలేదండి" అంది ఆమె, ఉన్నమాటే.

"మా జాలర్లకి ఏటేటా రంగులేసే బాధ తప్పింది. నలభై పలకలు కావాలి. ఇదే రంగు, ఇదే పద్ధతి. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

దెల్ఫీనా నోట్‌బుక్కు పట్టుకుని క్యాంటీన్‌కు పరుగెత్తింది.

"అక్కా, రంగు ఎంత వేశావు?"

"కంటికి ఆనినంత."

"ఎంతసేపు ఉడికించావు?"

"ఉడికేదాకా."

కొత్త ఒప్పందంలో ప్రధాన శాస్త్రవేత్త అన్నచోట పసీత పేరు రాసి, దెల్ఫీనా సహాయకురాలిగా సంతకం పెట్టింది.